మూత తీయని తేనె సీసా

ఏడవని బిడ్డను చూసి బంగారు బిడ్డ అని మురిసిపోయేవాళ్లంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వీధిలో ఎవరికైనా కానుపైతే పాపాయికి చిన్న చొక్కా ఒకటి కుట్టుకుని చూడడానికి పోతాను. అక్కడ ఎవరో ఒకరు నవ్వుతూ అననే అంటారు, "ఎంత బుద్ధిమంతురాలో చూడు, పుట్టినప్పటి నుంచి నోరెత్తలేదు" అని. అంతే, తెచ్చిన చొక్కా పక్కన పడేస్తాను. ఎప్పుడు పాలు తాగింది, ఎంతసేపు తాగింది, లేపితే కళ్లు తెరిచిందా అని పోలీసువాళ్ల లాగా అడుగుతాను. బాలింత బిత్తరపోతుంది. వాళ్లత్త మూతి తిప్పుకుంటుంది. తిప్పుకోనీ. మా సానియా సంగతి తెలిస్తే ఆమె కూడా నాలాగే అడిగేది.

ఆ సంగతే రాస్తున్నాను. ఇన్నాళ్లూ కూర్చుంటే చెయ్యి సాగలేదు. రాస్తే నా గుండె దడ కాస్త తగ్గుతుందని ఒక ఆశ. చదివిన ఇంట్లో ఎక్కడైనా ఒక బిడ్డకు వేళకు పాలు దొరుకుతాయని ఇంకో ఆశ.

ఏప్రిల్, కానుపు రోజు

మాది డోన్. మా ఆయన ఖాసిం పరుపుల అంగడి పెట్టుకున్నాడు. ఆయన దూది ఏకి పరుపులు నింపుతాడు, నేను గలేబులు కుడతాను. పేర్లు సాయిబులవైనా మా ఇళ్లలో తాతల కాలం నుంచీ మాట తెలుగే. నమాజు అరబ్బీలో, తిట్లు తెలుగులో అని ఖాసిం నవ్వుతుంటాడు.

కడుపుతో ఉన్నప్పుడు నాకు షుగర్ వచ్చింది. కానుపయ్యాక పోతుందిలే అని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. తీపి మానేశాను, సూదులు వేసుకున్నాను, చెప్పినట్టల్లా విన్నాను. అయినా బిడ్డ లోపల బాగా పెరిగిపోయింది. అందుకే పుట్టింటికి ఆలూరు పోనివ్వకుండా డోన్‌లోనే ఆపరేషన్ చేస్తామన్నారు. మా అమ్మే మూట కట్టుకుని వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ నన్నూ మా అత్త హుసేనమ్మనూ ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. షుగర్ ఉన్న తల్లి కడుపులో బిడ్డకు తీపి ఎక్కువగా అలవాటై ఉంటుంది, బొడ్డు కోయగానే అది ఒక్కసారిగా ఆగిపోతుంది, రక్తంలో చక్కెర పడిపోతే బిడ్డకే ముప్పు, కాబట్టి గంటలోపే పాలు పట్టండి, తర్వాత కూడా వేళ తప్పకండి అని. మా అత్త తలూపింది. అబద్ధానికి ఊపలేదు. కానీ ఆమె తలలో అప్పటికే ఇంకొక లెక్క ఉంది.

మా ఇళ్లలో పుట్టిన బిడ్డకు ఇంటి పెద్ద ఎవరైనా వేలితో తేనె నాకిస్తారు. ఎవరు నాకిస్తే వాళ్ల గుణం బిడ్డకు వస్తుందంటారు. నా చిన్న మరిది ఇమాం పుట్టినప్పుడు ఇంట్లో మగవాళ్లెవరూ లేకపోతే, పేకాట ఆడి అప్పుడే వీధిలోకి వచ్చిన దూరపు చుట్టం ఒకాయనతో తేనె నాకించారట. ఇమాం పెద్దయ్యాక పేక ముక్కలు వదలకుండా తయారయ్యాడు. ఆ పాపమంతా ఆ వేలిదేనని మా అత్త నమ్మకం. నా బిడ్డ విషయంలో ఆ తప్పు జరగనివ్వకూడదని పంతం పట్టింది. కడపలో బండల వ్యాపారం చేసే మా పెద్దమామ, అంటే మా మామ అన్న, హజ్ చేసి వచ్చినవాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఆయన చేత్తోనే తేనె పడాలి, అంతవరకు బిడ్డ నోట్లో ఇంకేదీ పడకూడదు. ఇదీ ఆమె లెక్క.

బిడ్డ బయటపడగానే ఫోన్ చేసింది. "బావా, ఆడబిడ్డ. తేనె తీసుకొని వచ్చెయ్" అని మాత్రమే చెప్పింది. పస్తు సంగతి ఆయనకు చెప్పలేదు.

నేను కింద గదిలో నడుము నుంచి కింద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నాను. బిడ్డ పైన గదిలో మా అత్త ఒడిలో ఉంది. పైన జరిగిందంతా తర్వాత మా అమ్మ చెప్పగా విన్నదే. నర్సు వచ్చి "పాలు పట్టడానికి బిడ్డను కిందికి తేండి" అంటే, మా అత్త "ఇప్పుడే పోయి తాపించుకొని వచ్చినాం, పండుకుండాది" అని చెప్పింది. నర్సు నమ్మింది. మడమలో చుక్క రక్తం తీసి చూడాల్సి ఉంది, కాసేపాగి వస్తానని ఇంకో కానుపు కేసుకు పరుగెత్తింది.

మా అమ్మ ఊరుకోలేదట. "వదినా, డాక్టరమ్మ గంట లోపలంటే నువ్వు గూడా వింటివి గదా. ఒక్కసారి రజియా దగ్గర పండబెట్టుకొని వస్తా, ఇయ్యి" అని చేతులు చాపిందట.

"బావ దోవలో ఉండాడు. నంద్యాలకు వచ్చినాడంట. ఇంత పెద్ద బిడ్డ, ఒక్క పూటకు ఏమైతాదిలే. ఏడిస్తే గదా ఆకలైనట్ల?" అంది మా అత్త.

నిజమే, సానియా ఏడవలేదు. పుట్టగానే ఒక్క కేక వేసింది, అంతే. గదికి వచ్చినవాళ్లందరూ బిడ్డ లావు చూసి, నెమ్మది చూసి మెచ్చుకున్నారు. హాజీ సాబ్ చెయ్యి పడకముందే ఆయన ఓర్పు వచ్చేసిందని ఎవరో అన్నారట కూడా. మా అమ్మ ఆలూరు మనిషి, ఆడపిల్లను ఇచ్చుకున్న మనిషి. వియ్యపురాలి ముందు అంతకంటే గొంతు పెంచలేక ఊరుకుంది. నా దగ్గరికి వచ్చి నేనడిగితే "నిద్రపోతాండాది, నువ్వు కండ్లు మూసుకో" అంది. ఆమె కళ్లు మాత్రం నా వైపు రాలేదు. మత్తులో ఉన్నా అది నాకు కనిపించింది.

మధ్యాహ్నానికి బిడ్డ చేతులు సన్నగా వణకడం మొదలుపెట్టాయట. చలేమోనని మా అత్త ఖాసిం ఏకి తెచ్చిన కొత్త దూది బొంత చుట్టింది. ఏప్రిల్ ఎండకు డోన్‌లో రోడ్డు మీద తారు కరుగుతుంటుంది. ఆ రోజుల్లో చలి ఎవరికి పుడుతుందని ఒక్కరికీ అనిపించలేదు. కాసేపటికి వణుకు ఆగింది. చూశారా, బొంత కప్పగానే సర్దుకుందని మా అత్త సంబరపడింది. వణకడానికి కూడా ఓపిక లేక ఆగిందని ఎవరికీ తెలియలేదు, నాకు అన్నిటికంటే భయం వేసే మాట ఇదే.

నన్ను పైకి మార్చేసరికి ఎండ కాస్త వాలింది. "నా బిడ్డను నాకియ్యండి" అన్నాను. మా అత్త గడియారం వైపు చూసింది, కిటికీలోంచి గేటు వైపు చూసింది. ఇవ్వలేదు. నేను అరిచాను. కుట్లు చిరిగిపోతాయేమోనన్నంత గట్టిగా అరిచాను. అప్పుడు ఇచ్చింది.

పసిబిడ్డ బరువు ఎలా ఉంటుందో నాకు తెలియదు, అది నా మొదటి బిడ్డ. కానీ నా ఒళ్లోకి వచ్చింది తడిగుడ్డ లాగా జారిపోతోందని తెలిసింది. నుదురు చల్లగా, జిడ్డుగా చెమట పట్టి ఉంది. రొమ్ము నోటికి ఆనిస్తే పెదవులు కదలలేదు. పాల చుక్క నోట్లో పడి పక్కనుంచి కారిపోయింది. చెవి లాగాను, పాదం గిల్లాను. కళ్లు సగం తెరుచుకుని పైకి పోయాయి. ఎడమ చెయ్యి ఒక్కటే టక్ టక్‌మని ఎగరడం మొదలైంది.

"యా అల్లా, ఈ పిల్ల పొద్దున్నించి చుక్క తాగలేదు" అని మా అమ్మ గుమ్మం దగ్గర నిలబడి కేకలు పెట్టింది. "నర్సమ్మా, తాగిందని చెప్పింది అబద్ధం, ఏమీ తాగలేదు, రాండి!"

నర్సు వచ్చి మడమలో పొడిచి మిషన్‌కు రక్తం అంటించింది. మిషన్‌లో అంకె రాలేదు. అంకె చూపించలేనంత తక్కువగా ఉంటే అక్షరాలు వస్తాయట. ఆ అక్షరాలు చూసి నర్సు ముఖంలో రంగు పోయింది. ఆమె బిడ్డను నా ఒళ్లోంచి లాక్కుని పరుగెత్తింది. బొంత నా మంచం మీదే ఉండిపోయింది.

గ్లూకోజు ఎక్కించడానికి నరం దొరకడానికే చాలాసేపు పట్టింది. దొరికాక కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నారు. నా మంచం పక్క కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. బిడ్డను పట్టుకున్న డాక్టరు వెంట ఖాసిం అంబులెన్సు ఎక్కుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఆటోలోంచి పెద్దమామ దిగాడు. చేతిలో తువ్వాలు చుట్టిన సీసా. మా అత్త చెప్పులు కూడా లేకుండా ఎదురు పరుగెత్తింది.

"బావా, తొందరగా రా, బండి పోకముందే ఒక్క చుక్క నాకించు!"

"ఏమైందమ్మా? బిడ్డను యాడికి తీసకపోతాండారు?"

"మూర్ఛ వచ్చింది బావా. పొద్దున్నించి నీకోసమే చూస్తాండాం. నోట్లో ఏమీ పెట్టలేదు, నీ చెయ్యే ముందు పడాలని."

పెద్దమామ కదలలేదు. అంబులెన్సు మోత పెట్టుకుంటూ పోయింది. ఆయన గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే.

"నంద్యాలలో దిగి నమాజు చేసుకొని వచ్చేలోపల బస్సు ఎల్లిపాయ. నాకోసం బస్సు గూడా నిలబడలేదు హుసేనమ్మా. పసిబిడ్డను నిలబెడ్తివా?"

అని ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

అదే వారం, కర్నూలు

కుట్లతో నన్ను వెంటనే పంపలేదు. బిడ్డ కర్నూలులో, నేను డోన్‌లో. పాలు మాత్రం ఆగకుండా వచ్చేవి. జాకెట్టు తడిసినప్పుడల్లా ఏడ్చేదాన్ని. ఖాసిం ఫోన్ చేసేవాడు. "గ్లూకోజు ఎక్కుతాండాది. ఇంకా ఏమీ చెప్పలేదు." ఎప్పుడు చేసినా అదే మాట. ఆ మాటల మధ్య ఆసుపత్రి చప్పుళ్లు వినిపిస్తుంటే బిడ్డ ఏడుపు వాటిలో ఉందేమోనని చెవి ఆనించి వినేదాన్ని.

పోగలిగిన రోజే పోయాను. పసిబిడ్డల వార్డు బయట పొడుగు వరండా. తల్లులందరం గోడకు ఆనుకుని కూర్చునేవాళ్లం. తలుపు తెరుచుకుంటే నర్సు తల్లి పేరు పెట్టి పిలిచేది. పాలు తెమ్మనడానికీ అదే పిలుపు, మందులు తెమ్మనడానికీ అదే పిలుపు, చివరి మాట చెప్పడానికీ అదే పిలుపు. తలుపు చప్పుడైతే వరండాలో మాటలన్నీ ఆగిపోయేవి.

నా పక్కన పత్తికొండ నుంచి వచ్చిన కోమట్ల ఆవిడ ఉండేది, కిరాణా అంగడి వాళ్లట. లక్ష్మక్క అనేదాన్ని. పాలు గిన్నెలోకి ఎలా పిండాలో ఆమే నేర్పింది. ఫ్లాస్కులో వేడినీళ్లు పోసి గుడ్డ తడిపి ఇచ్చేది. "ఏడుస్తా పిండొద్దు రజియా, పాలు ఇగిరిపోతాయి. నా మొగం చూడు, నవ్వొచ్చేటట్ల ఉంటాది" అనేది. నిజంగానే నవ్వించేది. ఒకరోజు భోజనాల వేళకు తలుపు తెరిచి ఆమె పేరు పిలిచారు. వస్తానని ఫ్లాస్కు నా పక్కన పెట్టి లోపలికి పోయింది. మళ్లీ వరండాలోకి రాలేదు. వాళ్ల తమ్ముడొకడు వచ్చి నేల చూస్తూ సామాన్లు తీసుకుపోయాడు. ఆ తర్వాత నా పేరు పిలిస్తే పాలకా, మందులకా అని కూర్చున్నచోటి నుంచే అడిగేదాన్ని.

మా అత్త ఆసుపత్రి గేటు దగ్గరే కూర్చునేది. లోపలికి రాదు, ఇంటికి పోదు. ఖాసిం ఇడ్లీ పొట్లం తెచ్చి ఇస్తే కుక్కలకు వేసేదట. నేను ఆమె ముఖం చూడలేదు. చూస్తే ఏమంటానో నాకే తెలియదు. ఖాసిం మా ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. "అమ్మ కావాలని చేసిందా?" అని ఒక్కసారి అన్నాడు. "కావాలని చేసుంటే నయం, కేసు పెట్టేదాన్ని" అన్నాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

మూర్ఛలు ఆగాయి. చక్కెర నిలబడింది. ఒక పొద్దున డాక్టరు వచ్చి చెంచాతో తల్లిపాలు పట్టొచ్చు అన్నాడు. తేనె గీనె నాకిస్తారేమో, ఏడాది నిండేదాకా చుక్క కూడా పెట్టకూడదు, పసికడుపుకు అది మంచిది కాదు అని గట్టిగా చెప్పాడు. ఆరోజు పెద్దమామ కూడా వచ్చి ఉన్నాడు. మా అత్త మొదటిసారి వరండా దాకా వచ్చి, తలుపు దగ్గర నిలబడి ఆయన వైపు చూసింది. ఆ చూపుకు అర్థం మా అందరికీ తెలుసు. కనీసం ఆ చెంచా అయినా ఆయన చేత్తో పట్టమని.

పెద్దమామ తల అడ్డంగా ఊపాడు. "తల్లి చేత్తోనే పడాల. నా చెయ్యి ఈ బిడ్డకు తగలొద్దు." సంచిలోంచి ఆ సీసా తీసి మా అత్త చేతిలో పెట్టాడు. "ఇది పారెయ్యొద్దు. ఇంట్లో నీ కండ్లకు కనపడేచోట పెట్టుకో."

మొదటి చెంచా నేనే పట్టాను. సానియా మింగింది. అంత చిన్న గొంతు మింగిన చప్పుడు నాకు వినిపించింది. వార్డులో ఉన్నామని కూడా చూడకుండా వెక్కివెక్కి ఏడ్చాను.

జూన్

గండం గడిచిందని అందరూ అన్నారు. అల్లా పేరు మీద ఫాతెహా చదివించి వీధిలో అన్నం పెట్టారు. బిడ్డ పాలు తాగుతోంది, ఏడుస్తోంది, ఒళ్లు చేస్తోంది. నేను మాత్రం నిద్రపోతున్న బిడ్డను లేపి చూసేదాన్ని. ఏడిస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని.

గాజులు ఆడిస్తే తల తిప్పేది. ఖాసిం గొంతు వినిపిస్తే కాళ్లు కొట్టేది. కానీ నేను చప్పుడు చేయకుండా ఎదురుగా వచ్చి నవ్వితే నవ్వేది కాదు. ఆమె చూపు నా చెవి పక్కనుంచి పోయేది, గోడ మీదో గాలిలోనో ఆగేది. ఒకరోజు సూది దారం పట్టుకునే నా వేళ్లను ఆమె రెప్పల దగ్గరికి తీసుకుపోయాను. రెప్ప పడలేదు. మళ్లీ తీసుకుపోయాను. పడలేదు.

"చిన్నపిల్ల గదా, చూపు కుదరలేదేమో" అన్నాడు ఖాసిం. ఆయన గొంతులో భయం నాకు తెలుసు, పరుపు కుడుతూ సూది గుచ్చుకున్నా ఆ గొంతు అలా వణకదు.

కర్నూలులో కళ్ల డాక్టరు చూశాడు. తలకు స్కానింగ్ తీశారు. "కళ్లు బాగానే ఉన్నాయమ్మా. కళ్లు పంపింది తెలుసుకునే చోటు తలలో వెనక ఉంటుంది. చక్కెర పడిపోయినప్పుడు అక్కడ దెబ్బ తగిలింది. కొంత చూపు రావొచ్చు. ఎంత వస్తుందో, ఎప్పుడు వస్తుందో నేను చెప్పలేను" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయనకు దణ్ణం పెట్టాను. బయటికి వచ్చి ఆయన్నే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చాక ఇన్నాళ్లూ బిగపట్టిందంతా బద్దలైంది. "నీ కొడుకు పేకాడితే నా బిడ్డ కండ్లు పోవాల్నా?" అని మా అత్త మీద విరుచుకుపడ్డాను. ఇంకా చాలా అన్నాను. వీధివాళ్లు గుమ్మాల్లోకి వచ్చారు. ఆమె నా ఎదురుగా వచ్చి కూర్చుంది. నేను అలిసిపోయి ఆగితే మెల్లగా అంది.

"తిట్టు రజియా, ఇంకా తిట్టు. ఈ నెల రెండు నెల్ల నుంచి నువ్వు గమ్మునుంటే నాకు శానా భయమైతాండాది."

ఆ రోజు నుంచి మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టాం. క్షమించానని కాదు. క్షమించానో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

మొన్న డిసెంబరు

ఎర్రటివి, మెరిసేవి ఒక్కొక్కటిగా, నెమ్మదిగా బిడ్డ ముందు కదిలించమని డాక్టరు చెప్పాడు. మా అత్త ఆ పని పట్టుకుంది. పొద్దున్నే సానియాను ఒడిలో వేసుకుని ఎర్ర గలేబు గుడ్డ ఊపేది. స్టీలు గ్లాసు ఊపేది. "ఇదో చూడు తల్లీ, ఇదో ఈడ" అనేది. మాట వచ్చిన వైపు బిడ్డ నవ్వేది, గ్లాసు వైపు కాదు. నెలలు గడిచాయి. ఆమె చెయ్యి ఆగలేదు. చూడలేక నేను మిషన్ మీద తల వంచుకుని కుట్టుకునేదాన్ని.

ఆ తేనె సీసా వంటింటి కిటికీ గూట్లోనే ఉంది. మా అత్త రోజూ దాన్ని తుడిచి మళ్లీ అక్కడే పెడుతుంది. ఎందుకు తుడుస్తుందో నేనెప్పుడూ అడగలేదు. దాని వైపు చూడకుండా ఉప్పు, కారం అందుకోవడం నాకు అలవాటైపోయింది.

మొన్న డిసెంబరులో ఒక పొద్దున. చలి గట్టిగా ఉంది. మా అత్త సానియాను చంకనేసుకుని వంటింట్లోకి వచ్చింది. ఏమీ చూపించడం లేదు, మాట్లాడడం లేదు, పాల కోసం నిలబడింది. చలికాలపు ఎండ వాలుగా కిటికీలోంచి వచ్చి సీసా మీద పడింది. లోపల తేనె నిప్పు ముట్టించినట్టు వెలుగుతోంది.

సానియా తల ఆగింది. ఎప్పుడూ గాలిలో తిరిగే కళ్లు ఒక్కచోట నిలిచాయి. చెయ్యి మెల్లగా లేచింది, ముందుకు సాగింది, తప్పి గోడను తాకింది, మళ్లీ సాగింది.

"రజియా," అంది మా అత్త. "రజియా, ఈడ చూడు."

నేను సీసాను గూట్లో కాస్త ఎడమకు జరిపాను. ఆ కళ్లు ఎడమకు వచ్చాయి. కుడికి జరిపాను. కుడికి వచ్చాయి. ఇంట్లో ఇన్ని ఉండగా, ఎర్ర గుడ్డలూ గ్లాసులూ నా ముఖమూ ఉండగా, నా బిడ్డ మొట్టమొదట చూసింది దీన్ని. విసిరి బండకేసి కొట్టాలనిపించింది. వంగి కళ్లకద్దుకోవాలని కూడా అనిపించింది.

మా అత్త ఒక చేత్తో బిడ్డను పట్టుకుని ఇంకో చేత్తో నా భుజం పట్టుకుంది. నేను ఆ చెయ్యి తీసెయ్యలేదు. సీసా అందుకుని సానియా రెండు చేతుల మధ్య పెట్టి, జారిపోకుండా కింద నా చెయ్యి కూడా ఆనించాను. బిడ్డ దాన్ని ముఖానికి దగ్గరగా లాక్కుని కిలకిలమంది. మూత మాత్రం నేను తీయలేదు.